మారెన్న సంతకం పెట్టిన కారు

ఎమ్మిగనూరులో పాత కారు కొనాలనుకున్నవాడు ముందు కారును వెతికేవాడు కాదు, మారెన్నను వెతుక్కునేవాడు. ఆదోని రోడ్డులో పత్తి మిల్లు గోడకు ఆనుకొని అతని రేకుల షెడ్డు ఉండేది. బండిని అక్కడికి తోలుకొస్తే మారెన్న ముందు ఒక చుట్టు తిరిగి, బానెట్ ఎత్తించి, ఇంజన్ స్టార్ట్ చేయమని చెప్పి, పక్కన నిలబడి కళ్లు మూసుకొనేవాడు. రెండు నిమిషాలు వినేవాడు. తర్వాత కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పేవాడు. "తీసుకో" అనో, "వద్దు" అనో. మూడో మాట అతని దగ్గర లేదు.

చదివింది ఐదో తరగతి. పద్నాలుగో ఏట ఆదోనిలో ఖాజా సాబు షెడ్డులో చేరి, పదేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. మీటరు వెనక్కి తిప్పిన బండిని పెడల్ రబ్బరు అరుగుదల చూసి పట్టేసేవాడు. గుద్దుకున్న బండిని, ఎంత మంచి పెయింటు వేసినా, తలుపు మూసినప్పటి చప్పుడుతో పట్టేసేవాడు. బ్రోకర్లకు అతనంటే భయం. ఒకసారి ఒక బ్రోకరు డబ్బు కవరు అతని జేబులో పెడితే దాన్ని తీసి ఆ మనిషి స్కూటర్ సీటు మీదే పెట్టి, "నాయనా, నాకు నోరొక్కటే ఉండాది. అది అమ్ముకుంటే రేపు అన్నం యా నోటితో తినాల?" అన్నాడట. ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు.

2009లో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు, మారెన్న మూడు నెలలు ఆ ఊర్లోనే ఉండి మునిగిన కార్లు విప్పి కడిగాడు. నీళ్లలో నానిన బండి ఎలా చస్తుందో అప్పుడు నేర్చుకున్నాడు. అది వెంటనే చావదు. సీట్లు ఎండుతాయి, ఇంజన్ పలుకుతుంది, యజమాని సంతోషపడతాడు. లోపల వైర్ల మొనలకు పచ్చగా చిలుము పడుతూ ఉంటుంది. ఆరు నెలలకో, ఏడాదికో ఒకనాడు అన్నీ కలిసి పోతాయి.

నాలుగేళ్ల కిందట కర్నూలులో నంద్యాల రోడ్డు మీద ఒక పెద్ద అద్దాల షోరూము వచ్చింది. సర్టిఫైడ్ పాత కార్లు అమ్మే కంపెనీ. ప్రతి కారునూ నూట యాభై రకాలుగా పరీక్షిస్తామనీ, ఏడాది వారంటీ ఇస్తామనీ హైవే పొడుగునా బోర్డులు పెట్టారు. దాని మేనేజరు భూపేష్, కడప వైపు మనిషి. పొలాలున్న ఇంటి బిడ్డ, మాట మెత్తన. అతనే స్వయంగా మారెన్న షెడ్డుకు వచ్చి, నూనె మరకల బల్ల మీద కూర్చొని టీ తాగాడు.

"మారెన్నా, నువ్వు ఇన్నేండ్లు నోటితో చెప్పినావు. అదే మాట మా కాడ కాగితం మీద చెప్పు. నెల జీతం, పీఎఫ్, ఎండలో పండుకొనే పని లేదు" అన్నాడు.

మారెన్న ఎటూ తేల్చలేదు. భార్య సుంకులమ్మ తేల్చింది. "మోకాళ్లు పట్టుకొని పొద్దున లేచేది నేను చూస్తాండా కదా. ఇంగ ఎన్ని దినాలు ఆ బండ్ల కింద దూరుతావు? పో" అంది. షెడ్డుకు తాళం పడింది. మారెన్న జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కా వేసుకొని రోజూ కర్నూలు బస్సెక్కాడు.

మొదటి ఏడాది అతనికి నిజంగా గౌరవంగానే గడిచింది. రోజుకు మూడు కార్లు చూసేవాడు. చూసిన ప్రతిదానికీ నూట యాభై గళ్ల కాగితం నింపి, చివర తెలుగులో "కె. మారెన్న" అని గుండ్రంగా సంతకం పెట్టేవాడు. రెండో ఏడాదికి మూడు కార్లు ఎనిమిదయ్యాయి. తర్వాత పన్నెండు. టిక్కులు ఆఫీసులో కొట్టేవాళ్లు, సంతకానికి మాత్రం అతని దగ్గరికి వచ్చేవాళ్లు. అతను కనీసం బానెట్ ఎత్తనిదే పెన్ను పట్టేవాడు కాదు.

ఒకరోజు కోస్తా నుంచి లారీ మీద ఒక తెల్ల కారు దిగింది. చూడ్డానికి ముత్యంలా ఉంది. మారెన్న వెనక సీటు బెల్టు పట్టుకొని చివరిదాకా లాగాడు. చివరి జానెడు మీద సన్నగా బురద చార. డిక్కీలో స్టెప్నీ గుంతలో వేలు పెడితే మెత్తని వండ్రుమట్టి అంటుకుంది. కాగితం మీద గళ్లన్నీ వదిలేసి అడ్డంగా "వద్దు" అని రాసిచ్చాడు. భూపేష్ భుజం తట్టి, "దీనికోసమే కదప్పా నిన్ను పెట్టుకొనింది" అన్నాడు. మరుసటి రోజుకు కారు యార్డులో లేదు. ఆ సాయంత్రం మారెన్న ఇంటికి పోయి, అడగకపోయినా ఆ ముచ్చటంతా సుంకులమ్మకు చెప్పాడు.

ఆ నెలలోనే కంపెనీ కడపలో ఇంకో షోరూము తెరిచింది. అక్కడివాళ్లకు కార్లు చూసే పని నేర్పడానికి పదిహేను రోజులు పోయి రమ్మన్నారు. బయల్దేరేముందు భూపేష్ ఇరవై ఖాళీ కాగితాలు ముందు పెట్టాడు.

"ఇదేంది సార్?"

"నువ్వు లేవని పదైదు దినాలు అమ్మకాలు ఆపాల్నా? నీ కింద పని నేర్చినోళ్లే చూస్తారు. సంతకం లేకుంటే కంప్యూటరు బండిని ముందుకు పోనీదు. అంతే."

మారెన్న పెన్ను పట్టుకొని గడియారం చూశాడు. బస్సుకు టైమైంది. ఇరవై సంతకాలూ పెట్టాడు.

కడపలో ఉండగానే మేనల్లుడు వీరేష్ ఫోన్ చేశాడు. వీరేష్ మారెన్న చెల్లెలు మహాదేవి కొడుకు. కోసిగి పక్కన ఊరు. ఆదోని, పత్తికొండ, మంత్రాలయం వారపు సంతల్లో చిన్నపిల్లల బట్టలు, నైటీలు అమ్ముతాడు. పదేళ్లుగా మూటలు ఆటోల మీద, బస్సుల మీద మోసి మోసి, ఇప్పుడు తన మూటలకు తనదే ఒక బండి ఉండాలనుకున్నాడు. ఆదోనిలో రెజీనా టీచరు కారు అమ్మకానికి ఉంది. తొమ్మిదేళ్ల బండి, ఒకటే చేయి వాడింది. దానికి ఆయిల్ మార్చింది కూడా ఇన్నేళ్లూ మారెన్నే.

"అది మంచి బండే. కానీ కాగితం ఉండదు రా. రేపు ఏమన్నా అయితే టీచరమ్మను పోయి అడుగుతావా?" అన్నాడు మారెన్న. "మా దాంట్లో తీసుకో. కొంచిం ఎక్కువైతాది. ఏడాది దాకా ఏం జరిగినా వాళ్లే చేసిస్తారు."

"మామా, నువ్వు సూసిన బండేనా?"

"నా సంతకం ఉంటాది. సూడకుండా పెడ్తానా?"

ఫోన్ పెట్టేశాక గానీ ఆ ఇరవై కాగితాలు గుర్తుకు రాలేదు. మళ్లీ ఫోన్ చేయాలనుకున్నాడు. ఇరవైలో వీనికే పడుతుందా అని ఊరుకున్నాడు.

మహాదేవి మెడలో గొలుసు, చెవుల కమ్మలు అమ్మి, మిగతాది వీరేష్ సంతల్లో కూడబెట్టింది కలిపి కారు కొన్నారు. మారెన్న తిరిగొచ్చిన ఆదివారం, ఉరుకుంద గుడిలో పూజ చేయించుకొని, బంతిపూల దండతో కారు ఎమ్మిగనూరులో అతని ఇంటి ముందుకొచ్చి ఆగింది. తెల్ల కారు.

తెల్ల కార్లు లోకంలో వెయ్యి ఉంటాయి. మారెన్న ఆ మాటే అనుకుంటూ వెనక తలుపు తీసి బెల్టు లాగాడు. కొత్త బెల్టు. కారు కంటే బెల్టు నాలుగేళ్లు చిన్నదని దాని మీది ముద్ర చెప్తోంది. లోపల ఘాటుగా అత్తరు వాసన. డిక్కీ తెరిచి స్టెప్నీ ఎత్తాడు. గుంత శుభ్రంగా కడిగారు. మూల అతుకులో మాత్రం గోరుకు వండ్రు తగిలింది.

మహాదేవి బానెట్ మీద కుంకుమ బొట్టు సరిచేస్తూ అన్న ముఖంలోకి చూసింది. మెడ బోసిగా ఉంది. ముఖం నిండా నవ్వు.

"ఏమన్నా, బాగుండాదా?"

ముప్పై ఐదేళ్లలో ఎవరు అడిగినా తడుముకోని మనిషి, చెల్లెలు అడిగితే తడుముకున్నాడు.

"బాగుండాది" అన్నాడు.

సోమవారం పొద్దున్నే భూపేష్ గదిలోకి పోయాడు. భూపేష్ తలెత్తకుండానే, "వైరింగు మార్పించినాం. సీట్లు మార్పించినాం. వారంటీ ఉండాది. ఇంకేం కావాల? మీవాడని నాకేం తెలుసు?" అన్నాడు. మారెన్న కదలకపోతే అప్పుడు తలెత్తి, గొంతు పెంచకుండా, "దాని మీద ఉండేది నా సంతకం కాదు మారెన్నా" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు మారెన్న ప్రతి ఆదివారం ఏదో ఒక సాకు చెప్పి వీరేష్‌ను కారుతో రమ్మనేవాడు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, ఒక్కొక్క వైరు మొన విప్పి, గీకి, తుడిచి, తిరిగి బిగించేవాడు. "మా మామకు ఈ బండి మింద ఎంత ప్రేమో" అని వీరేష్ సంతలో అందరికీ చెప్పుకునేవాడు. రెజీనా టీచరు కారును ఆదోనిలో ఒక టైలరు కొన్నాడు. అది ఏ చీకూ చింతా లేకుండా తిరుగుతోందని మారెన్న చెవిన పడింది. ఆ రోజు అతను అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఐదో నెలలో, పత్తికొండ సంత నుంచి వస్తుండగా, మధ్యాహ్నం ఎండలో, వీరేష్ కారు మీటరులో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగు బిగుసుకుంది. డ్యాష్‌బోర్డు సందుల్లోంచి పొగ. వీరేష్ బండిని రోడ్డు పక్క కంకర మీదికి లాగి, దూకేశాడు. మూటలు గుర్తొచ్చి మళ్లీ లోపలికి వంగాడు. నాలుగు మూటల్లో రెండు బయటపడ్డాయి. కుడిచేయి మణికట్టు దాకా కాలింది.

కంపెనీ నుంచి పది రోజులకు జవాబొచ్చింది. వాహనంలోకి నీళ్లు చేరడం వల్ల వైరింగు కాలిందనీ, అమ్మిన రోజున నీటిలో మునిగిన గుర్తులు ఏమీ లేవని పరీక్ష కాగితం చెప్తోందనీ, కాబట్టి నీళ్లు చేరింది కొన్నవాడి దగ్గరేననీ, దానికి వారంటీ వర్తించదనీ. కింద ఆ పరీక్ష కాగితం నకలు. దాని చివర గుండ్రంగా "కె. మారెన్న".

వీరేష్ చేతికి కట్టుతో షోరూముకు వచ్చాడు. వెంట మహాదేవి. కార్లు చూడ్డానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"సార్, మా ఊర్లో తాగే నీళ్లకు మూడు దినాలకొకతూరి ట్యాంకరు వస్తాది. బిందెకు బిందె కొట్లాడుకుంటాము. కారు మునిగేటన్ని నీళ్లు మాకు యాడియి సార్?" అన్నాడు వీరేష్.

భూపేష్ నిదానంగా కాగితం తిప్పి చూపించాడు. "మేము ఇచ్చినపొద్దు పొడిగా ఉండాది. నేను చెప్పేది కాదు, మీ మామే రాసిచ్చినాడు. ఆడే ఉండాడు, అడుగు."

మారెన్న స్తంభం పక్కనే నీలం చొక్కాలో నిలబడి ఉన్నాడు. రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఆ బండి నేను సూడలేదు. ఖాళీ కాగితం మింద సంతకం పెట్టిచ్చుకున్నారు. దానికి ముందు సూసినపొద్దు వద్దని రాసిచ్చినా. అది మునిగిన బండి."

షోరూములో అందరూ ఇటు తిరిగారు. వీరేష్ మాత్రం భూపేష్ వైపు చూడలేదు. మామనే చూస్తున్నాడు.

"ఇంటికాడికి తెచ్చినపొద్దు నీకు తెల్సా మామా?"

మారెన్న ఔనన్నట్టు తల ఊపాడు.

ఉద్యోగం ఆ రోజే పోయింది. వీరేష్ వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు. మారెన్న పిలవకపోయినా పోయి సాక్ష్యం చెప్తానన్నాడు. నిజం చెప్తే ఎక్కడో ఒకచోట నిలుస్తుందని అతని నమ్మకం. కంపెనీ వకీలు అడిగినవి మూడే ప్రశ్నలు. సంతకం నీదేనా? అవును. కొన్నవాడు నీకు ఏమవుతాడు? మేనల్లుడు. వద్దని రాసిచ్చిన కాగితం ఏది? అది కంపెనీ ఫైళ్లలో లేదు. మారెన్న దగ్గర నకలూ లేదు. తప్పుడు సంతకం చేసిన ఉద్యోగి, సొంత మనిషికి సొమ్ము ఇప్పించడానికి మాట మారుస్తున్నాడని వకీలు వాదించాడు. ఫిర్యాదు కొట్టేశారు. పైకి పోవడానికి వీరేష్ దగ్గర ఏమీ మిగల్లేదు.

వీరేష్ ఇప్పుడు మంగంపేటలో ముగ్గురాయి గనుల దగ్గర టిప్పరు నడుపుతున్నాడు. కుడిచేయి పూర్తిగా ముడుచుకోదు, ఎడమచేయి గేరు మీదికి పోయినప్పుడల్లా స్టీరింగును ఆ మణికట్టుతోనే అదిమి పట్టుకోవాలి. మారెన్న షెడ్డు మళ్లీ తెరిచాడు. ఆయిల్ మార్చడానికి, బ్రేకులు సరిచేయడానికి వస్తారు. బండి కొనేముందు చూడమని మాత్రం ఎవరూ రారు. షోరూములో అతని స్థానంలో ఇంకొకరు చేరారు. కార్లు బాగానే అమ్ముడవుతున్నాయి.

పోయిన శ్రావణంలో ఒకసారి ధైర్యం చేసి మారెన్న చెల్లెలి ఊరికి పోయాడు. మహాదేవి లోపలికి రమ్మంది, చెంబుతో నీళ్లిచ్చింది, చాపేసింది. రొట్టెలు చేస్తూ పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. మారెన్నే అన్నాడు.

"తప్పయిపాయమ్మా. నీ గొలుసు నేను చేపిస్తా. రెండేండ్లు కానీ, మూడేండ్లు కానీ."

ఆమె రొట్టె తిప్పేసింది.

"గొలుసుదేముందిలేన్నా. కంపెనీవాళ్లు మోసం జేసినారంటే, వాళ్లు మనకేమైతారు, చేస్తారు. ఆపొద్దు బాగుండాదా అని నేను కారును అడగలేదు, నిన్ను అడిగినా."

ఆమె రెండు రొట్టెలు, ఇంత చెనిక్కాయల పొడి పళ్లెంలో పెట్టి ముందుకు జరిపింది. అతను ఒక రొట్టె తిన్నాడు. చెయ్యి కడుక్కొని, చెప్పులు వేసుకొని, బస్సుకు ఇంకా గంటసేపున్నా రోడ్డు మీదికి వచ్చేశాడు.