బండికి అడ్డం పడుకున్న దొరసాని

మొన్న జనగామలో మా వీధిలో ఒకాయన తన బొచ్చుకుక్కను గొలుసు పట్టి లాగుతుంటే, అది నడిరోడ్డు మీద నాలుగు కాళ్లూ చాపి పడుకుంది. ఆటోలు ఆగాయి, ఆయన బిస్కెట్టు చూపించాడు, ఫోనులో ఎవరినో సలహా అడిగాడు. కుక్క మాత్రం ఎవరి గొడవో అన్నట్టు అటు తిరిగి చూస్తోంది. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగి, మా దొరసాని గుర్తుకొచ్చింది.

దొరసాని మా కుక్క. కేసముద్రం దగ్గర మా ఊరిని ఆనుకొని ఉన్న తండాలో పుట్టింది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, కోల మూతి, అసలైన వేటజాతి. ఇచ్చిన అవ్వ పైసలు ముట్టలేదు. మానెడు జొన్నలు పుచ్చుకొని, సాకలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తనకే అప్పజెప్పాలని మాట తీసుకొని, పిల్లను నా ఒళ్లో పెట్టి, "ఇది చెప్తే ఇనది బిడ్డా, అడిగితే ఇంటది" అంది. జన్మలో ఎవరినీ ఏదీ అడిగి ఎరుగని మా బాపుకు ఆ మాట ఎక్కలేదు.

ఇక చూడండి, రమ్మంటే పోయేది, పొమ్మంటే పండేది. కట్టేస్తే తాడు కొరికి, ఆ ముక్కను తెచ్చి బాపు చెప్పుల పక్కన పెట్టేది. నాకు జ్వరమొస్తే మాత్రం మూడు రోజులు మంచం కింది నుంచి కదలలేదు. అదీ ఎవరూ చెప్పని పనే. బండి కింద నడిచే కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందని సామెత ఉంది కదా, మా దొరసాని మోయడంతో సరిపెట్టుకోక, ఎక్కడ ఆగాలో కూడా తానే నిర్ణయించేది.

ఒకనాడు పత్తి బండితో మార్కెట్‌కు పోతున్నాం. కల్వర్టు దాటగానే అది ముందుకొచ్చి చక్రానికి అడ్డం పడుకుంది. బాపు అదిలించాడు, ముల్లుగర్ర చూపాడు, చివరికి దిగి కాళ్లు పట్టి లాగుతూ, ఇయ్యాల పొద్దుగూకేలోపు దీన్ని తండాలో విడిచిపెట్టడం ఖాయమని ఒట్టు పెట్టుకున్నాడు. బాపు ఒట్టంటే ఒట్టే. నేను అవతలి పక్కన దిగి, చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దూర్చే ఇనుప చీలను, అది ఎప్పుడూ వదులే, మెల్లగా పీకి లంగా మడతలో దోపుకొని, "బాపూ, చీల లేదే. గందుకే పండింది" అన్నాను.

బాపు వచ్చి చూశాడు. ఇరుసును చూశాడు, కుక్కను చూశాడు, నన్నూ చూశాడు. తుమ్మ కొమ్మ విరిచి చెక్కి చీలగా కొట్టాడు. దొరసాని తనంతట తానే లేచి మళ్లీ బండి కిందికి చేరింది. మార్కెట్‌లో ఆ కథ బాపే చెప్పాడు. దానికి నేనూ ఓ చేయి వేయడంతో పెరిగి పెరిగి, వారం తిరక్కుండా మా కుక్క కేసముద్రం స్టేషన్‌లో రైలునే ఆపింది. నా కోతలు కోసే బతుకుకు అదే బోణీ.

పన్నెండేళ్లు మా ఇంట్లోనే ఏలి, మా ఇంట్లోనే పోయింది. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చి బండి అమ్మేసిన రోజు, ఇక దాచలేక, పెట్టె అడుగు నుంచి చీల తీసి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "గా దినమే నీ లంగకు ఇరుసు కందెన సూసిన బిడ్డా. కుక్కను ఉంచుమని నోరు తెరిచి అడిగితే నేనినకపోదునా?" అన్నాడు.

మొండిది దొరసాని ఒక్కతే అనుకున్నాను అప్పటిదాకా.

ఇప్పుడు మా ఊరి బాట మీద ట్రాక్టర్లే. వాటి కింద నీడైతే ఉంటుంది గానీ, ఆ వేగానికి ఏ కుక్కా ఆ నీడలో నడవలేదు. ఆగి బతిమాలుకునే తీరికా ఎవరికీ లేదు. మొన్న ఆ బొచ్చుకుక్క పక్కన మోకాళ్ల మీద కూర్చొని, జర లేస్తవా తల్లీ అని చెవిలో అడిగాను. లేచింది. నమ్మితే నమ్మండి.