చోటు లేదు

ఎంత పెద్ద మీటింగునైనా నాలుగు ముక్కల్లో తేల్చి పారెయ్యడం మామగారి జబ్బు. వీధి సంఘంవాళ్ళు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గొంతులు చించుకున్నా, నెలనెలా వచ్చే వీధి పత్రికలో ఆయన రాసేది ఇంతే: "వీధి దీపాలపై చర్చ జరిగింది. వెలుగుతాయన్నారు."

ఎవరన్నారు, ఎవరిమీద ఎవరు లేచారు, ఆ ఊసే ఉండదు. అడిగితే ఒకటే జవాబు, "చోటు లేదు."

ఇంట్లోనూ అదే వరస. ఆయన మరదలు ఫోన్‌లో గంటసేపు కష్టసుఖాలు చెప్పుకుంది. "ఏమంటోందండీ?" అని అత్తగారు వంటింట్లోంచి అడిగారు.

"కులాసా."

"గంటసేపూ కులాసాయేనా?"

"మధ్యలో మోకాలు నొప్పి."

ఈ బాధంతా పడేది అల్లుడు. ఆ పత్రికకి సంపాదకుడు అతనే మరి. రాయడం వచ్చని కాదు, ఇంట్లో ప్రింటరున్న పాపానికి ఆ పదవి అంటగట్టారు. అయినా పదవి పదవే కదా, కాస్త తలకెక్కింది.

"మామయ్యగారూ, కొంచెం ఉప్పూకారం వెయ్యండి. పేర్లు వెయ్యండి. జనం చదవద్దూ?"

"చోటు లేదు అల్లుడుగారూ."

అలాంటి అల్లుడు ఆ నెల మీటింగులో లేచి నిలబడ్డాడు. లైబ్రరీ వెనక గది, ప్లాస్టిక్ కుర్చీలు, నెత్తిన కిర్రుమనే ఫ్యాను. వీధిలో నీళ్ళు చాలడం లేదు, ఎక్కడో వృథాగా పోతున్నాయి.

"ప్లంబరు కళ్ళు మూసుకుని తిరుగుతున్నాడు. ఆ నీళ్ళు పోతున్నది ఎవరింట్లోనో తేల్చి, ఆ పేరు పత్రికలో పెద్దక్షరాల్లో వేసేద్దాం. అప్పుడొస్తుంది సిగ్గు" అని బల్ల గుద్దాడు అల్లుడు. చప్పట్లు మోగాయి. తీర్మానం అక్కడికక్కడే ఖాయమైంది. తన వాగ్ధాటికి తనే మురిసిపోతూ కూర్చున్నాడు.

వెనక వరసలోంచి ప్లంబరు లేచాడు. "నేను కనిపెట్టానండి. ఇక్కడ చెప్పనా, బయటికెళ్ళాక చెప్పనా?"

"ఇక్కడే చెప్పవయ్యా, భయమెందుకు?" అన్నాడు అల్లుడు.

"మీ మేడమీది ట్యాంకేనండి. లోపల నీళ్ళు నిండగానే ఆపే బంతి విరిగి, నీళ్ళు గొట్టంలోంచి తిన్నగా కాలవలోకి పోతున్నాయి. అమ్మగారికి చెప్పి నిన్ననే మార్చేశాను."

గది గొల్లుమంది. నిజమే, నిన్న భార్య ట్యాంకంటూ ఏదో చెప్పబోతే, ఉపన్యాసం రాసుకుంటున్నానని అతనే ఆమె నోరు మూయించాడు.

ఇంటికెళ్ళినా అన్నం సయించలేదు. మీటింగుకి వచ్చినవాళ్ళు నవ్వి మర్చిపోతారు. కానీ వీధి చివర ఉండే తన ఆఫీసు మేనేజరు పత్రిక అక్షరం వదలకుండా చదువుతాడు. పేరు పడితే ఆఫీసులో ఇక తలెత్తుకోలేడు. పోనీ, మామగారిని బతిమాలుకుందామంటే ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? పేర్లు వెయ్యమని ఆయన ప్రాణం తీసింది తనే.

ఆదివారం మామగారు కాగితం తెచ్చి చేతిలో పెట్టారు. "నీటి వృథాపై చర్చ జరిగింది. కారణం కనిపెట్టి, ఎవరూ అడక్కుండానే బాగుచేసినవారు" అని రాసి, దానికింద ప్లంబరు పేరు, ఇంటిపేరుతో సహా, ఇంతింత అక్షరాల్లో వేశారు. ఆ పత్రిక పుట్టాక పడిన మొదటి పేరు అదే.

"మామయ్యగారూ, మరి తీర్మానం..."

"పేరు పెద్దక్షరాల్లో వెయ్యమన్నారు. వేశాను."

"మరి నాదండీ?"

"చోటు లేదు అల్లుడుగారూ."

కింద ముప్పాతిక పేజీ ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆ ఖాళీలో ఈ వీధిలో ఎంతమంది పరువు భద్రంగా దాక్కుందో అల్లుడికి అప్పుడు తెలిసొచ్చింది. కాగితంలోంచి తలెత్తాడు. మామగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

సంపాదకుడు నోరు మూసుకుని ప్రింటరు ఆన్ చేశాడు.