స్పృహ తప్పినవాడి హాజరు

ఆ రోజుల్లో పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు నా ఫోను మోగుతూనే ఉండేది. అలాంటివాణ్ణి పట్టుకుని ఒంటరివాడంటే ఎవరు నమ్ముతారు? కానీ ఆ ఫోన్లు నా కోసం వచ్చేవి కావు. కంప్యూటర్లో తమ పేరు పక్కనున్న ఎర్రరంగు పోయి పచ్చరంగు రావాలని చేసేవారు, పచ్చబడ్డాక మళ్లీ చేసేవారు కాదు. అంటే నా పని నేనెంత బాగా చేస్తే నాతో మాట్లాడేవాళ్లు అంతగా తగ్గిపోతారన్నమాట. ఇలాంటి ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

మాదొక చిన్న పాల డెయిరీ. ఆఫీసు మదనపల్లెలో, పాలు చల్లబరిచే కేంద్రాలు పుంగనూరులో, కుప్పంలో. నేను ఒంగోలు వైపు నుంచి వచ్చి చేరిన ట్రైనీని. ఒక దర్జీ కొట్టు మీద గది తీసుకుని, ఊళ్లో ఎవరూ తెలియక, ఆదివారాలు దర్జీ మిషను చప్పుడు కూడా లేక నానా అవస్థ పడేవాణ్ణి. సిబ్బందిలో ఎవరు ఏ శిక్షణ పూర్తి చేశారో చూపే సాఫ్ట్‌వేరు ఒకటి ఉండేది. దాన్ని తీసేసి కొత్తది తెచ్చారు. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి పోస్తుంటే సగం వివరాలు ఒలికిపోయాయి. జీవితమంతా పాలు పరీక్షించినవాళ్లు కూడా చేతులు కడుక్కోవడం ఇంకా నేర్చుకోనివాళ్లుగా తేలారు. వాటిని సరిదిద్దే పని నాకు అంటగట్టారు (ట్రైనీ ఉన్నది అందుకే కదా). నిబంధన ఒక్కటే. కాగితం మీద సంతకం దొరకనప్పుడు, ఆ రోజు శిక్షణలో పక్కనున్నవాళ్లు ఒక్కరైనా సాక్ష్యం చెప్పాలి, సాక్షి పనిచేసే కేంద్రం ఇన్‌ఛార్జి దాన్ని కంప్యూటర్లో ఒప్పుకోవాలి.

ఆ శిక్షణ ఎప్పుడు జరిగిందని అడిగితే ఎవరూ తేదీ చెప్పేవారు కాదు, తిండి చెప్పేవారు. "చిత్రాన్నంలో శెనక్కాయలు మాడ్చేసినారే, ఆ పొద్దు" అనేవాడొకడు. కుప్పం ఇన్‌ఛార్జి అక్కయితే, "నిప్పు ట్రైనింగు నాడు వడ రాయి మాదిరి ఉండెనప్పా, నా పన్ను కదిలిపాయ. కావాలంటే ఎవుర్నయినా అడుగు" అంది. అడిగాను. ఆమె పన్ను అందరికీ గుర్తుంది. వెంటనే పచ్చ చేశాను.

అలా అందరినీ పచ్చబరిచి తలెత్తి చూస్తే ఒక్క గడి ఎర్రగా మిగిలింది. అది నాదే. అమ్మోనియా లీకయితే ఏం చేయాలన్న శిక్షణ. మా మేనేజరు కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇది పచ్చ కాకుంటే నిన్ను పర్మనెంటు చేసేదానికి లేదప్పా. ఈ నెల దాటితే ఇంటికి పంపించాల్సిందే. ఎవురో ఒక సాక్షి ఉండడా యాడనో?" అన్నాడు.

ఉండాలి మరి. పాలు చల్లబరిచే యంత్రంలో ఉండే ఆ వాయువు గురించి పుంగనూరులో శిక్షణ జరిగినప్పుడు, కొత్తవాణ్ణనీ సన్నగా ఉన్నాననీ నన్నే స్పృహ తప్పినవాడి వేషం వేయమన్నారు. ముఖానికి మాస్కు బిగించి నేల మీద పడుకోబెట్టి, "నేను చెప్పేదాకా లేవద్దు" అన్నాడు శిక్షణ ఇచ్చేందుకు వచ్చినాయన. ఇద్దరు నన్ను మోసుకుపోయి షెడ్డు వెనక పడుకోబెట్టారు. చప్పట్లు వినిపించాయి. తర్వాత విస్తళ్ల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను మాత్రం చెప్పిన మాట జవదాటకుండా స్పృహ తప్పే ఉన్నాను (చిన్నప్పటి నుంచీ క్రమశిక్షణ గలవాణ్ణి). ఎండ కాళ్ల మీదికి పాకాక లేచి చూస్తే ఎవరూ లేరు. భోజనాలయ్యాయి, సంతకాలయ్యాయి, శిక్షణ ఇచ్చినాయన కారూ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఒక్కొక్కరికీ నేనే ఫోను చేశాను. అందరికీ ఆ శిక్షణ గుర్తుంది, బీన్సు తాళింపు కూడా గుర్తుంది, నేను లేను. "మోసినారే, అది మనిషా? నేను బొమ్మ అనుకుంటినే" అన్నాడు పుంగనూరు వాచ్‌మన్. నవ్వొచ్చే మాటే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఇన్ని నెలలు ఇక్కడ పనిచేసినా నన్ను చూసినవాడు ఒక్కడూ లేడన్న దిగులే ఎక్కువైంది.

మోసిన ఇద్దరిలో డ్రైవరు పని మానేశాడు. రెండో ఆయన్ను అందరూ క్యాన్ల మామ అనేవారు, కుప్పానికి మారాడట. ఫోను ఆయనకు సరిపడదు. ఆఖరి ఆశ కాబట్టి బస్సెక్కాను. పలమనేరులో మారి, కుప్పంలో దిగి, కేంద్రంలోకి వెళ్లి నోరు తెరిచానో లేదో ఇన్‌ఛార్జి అక్క తలెత్తింది. "ఓహో, ఫోనప్పా నువ్వేనా? ఇంత పిలగాడివా?" అని, పాల క్యాన్లు కడుగుతున్న మామను కేకేసింది.

మామ అంతా విని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆ పొద్దు మొగానికి మాస్కు ఉండె. నీ మొగం నేను సూడలేదు నాయనా. అబద్ధ సాక్ష్యం పలకొద్దని మా పాస్టరు వారం వారం సెప్తానే ఉండాడు" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. తిరగబోతుంటే ఆయనే, "ఉండుండు. ఆ పొద్దు చంకల కింద సేతులేసి ఎత్తితే ఆ పిలగాడు లోపల్లోపలే నవ్వినాడు. స్పృహ లేనోడు యాల నవ్వుతాండాడబ్బా అనుకుంటి. ఈడికి రా" అని, చేతులు తుడుచుకుని నన్ను వెనక నుంచి పట్టి ఎత్తాడు.

నాకు కితకితలు జాస్తి. నవ్వాను. ఆపుకుందామనుకున్న కొద్దీ నవ్వాను, కాళ్లు గాల్లో కొట్టుకుంటూ, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. ఆ నీళ్లన్నీ నవ్వువి కావని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇంటి నుంచి వచ్చాక నన్ను బొమ్మలా కాక మనిషిలా ఒకరు ముట్టుకోవడం అదే మొదలు.

"ఈడే. నేను సాక్షి" అన్నాడు మామ, నన్ను దించకుండానే.

"ఇన్నాళ్లు మాట్లాడితి గానీ, నీకు నవ్వేది వస్తాదని తెలీదప్పా" అంటూ అక్క కంప్యూటర్లో మీట నొక్కింది. పచ్చబడింది. ఇంత సంగటి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుని మరీ పంపింది.

తిరుగు బస్సులో వెనక సీటు దొరికింది. పలమనేరు దాటాక, ఆ నవ్వు మళ్లీ వస్తుందేమోనని నా చంకలో నేనే చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఏమీ రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. పక్కనున్న ముసలమ్మ తన బుట్ట తీసుకుని కాస్త దూరంగా జరిగింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నా ఇంటి నిండా మనుషులున్నారు, నేను కూర్చుంటే వెనక నుంచి వచ్చి కితకితలు పెట్టే మనవరాలుంది. అయినా ఒక్కోసారి ఆ వెనక సీటు కుర్రాడు గుర్తొస్తాడు. వెళ్లి వాడి పక్కన కూర్చుని, ఒక్కసారి కితకితలు పెట్టి రావాలనిపిస్తుంది.