హాజరు పట్టీలో సున్నాలు

యూనివర్సిటీ చదువుల్లో ఒకడు ముందుకు పోవడానికి, ఇంకొకడు వెనకబడడానికి పెద్దలు చాలా కారణాలు చెబుతారు. తెలివి అంటారు, శ్రద్ధ అంటారు, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉండడం అంటారు. ఇటువంటి ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. హాజరు పిలిచినప్పుడు పలికే ఒక్క మాట గురించి మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. నా చదువును అదే పట్టుకుంది కాబట్టి నేను రాస్తున్నాను.

మాది ఆళ్ళగడ్డ. మా నాయన అక్కడే ఎలిమెంటరీ స్కూల్లో అయ్యవారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. హైస్కూలు నంద్యాలలో, ఒక దూరపు చుట్టం ఇంట్లో ఉండి చదివాను. ఎస్సెస్సెల్సీలో మా స్కూలుకంతా తెలుగులో నేనే మొదటివాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

అప్పట్లో నంద్యాలలో కాలేజీ లేదు. ఇంటర్మీడియట్ చదవాలంటే అనంతపురమన్నా పోవాలి, రైలెక్కి కోస్తా వైపన్నా పోవాలి. నంద్యాలలో ఎక్కితే దిగేదాకా బండి మారే పని లేదని మా నాయన నన్ను కోస్తాకు పంపాడు. అంతకు మించి ఆలోచన ఏమీ జరగలేదు. యుద్ధం రోజులు. బండి నిండా సిపాయిలు. ట్రంకుపెట్టె మీద కూర్చుని పోయాను.

కాలేజీలో మిగతా క్లాసులన్నిటిలో పేరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ అంటే సరిపోయేది. తెలుగు పండితుడు మాత్రం తన క్లాసులో ఇంగ్లీషు మాట వినపడగూడదనేవారు. తెలుగులోనే పలకాలి. అందరూ ‘ఉన్నానండీ’ అన్నారు. నా పేరు వచ్చింది. నేను నిలబడి, “ఉండా సార్” అన్నాను.

మా వైపు ‘ఉండా’ అంటే ఉన్నాను అని. మా నాయన బడిలో పిల్లలందరూ అట్లాగే పలుకుతారు. పండితుడి వైపు వాళ్ళకు అదే మాట ‘ఉండను’ అన్నట్టు వినపడుతుందని నాకు తెలియదు.

పండితుడు కలం ఆపి తలెత్తారు. “ఉండవా? ఉండనివాడికి హాజరెందుకు నాయనా!”

క్లాసంతా నవ్వింది. మూడో బెంచీలో చెవిపోగులున్న అబ్బాయి ఒకడు అందరికన్నా ముందు నవ్వాడు. కొన్నేళ్ళకు, మంచి ఉద్యోగంలో ఉండగా, నంద్యాల స్టేషన్లో కనపడి “ఏం ఉండా, బాగున్నావా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు కనపడినా చెప్పను.

రెండో రోజు నేను మాట మార్చుకుని ఉండవచ్చు. మార్చుకోలేదు. మళ్ళీ ‘ఉండా’ అన్నాను. మళ్ళీ నవ్వారు. అది వాళ్ళకు వారంలో మూడుసార్లు దొరికే వేడుక అయింది. నా పేరు దగ్గరికి వచ్చేసరికి అందరూ వెనక్కి తిరిగి ఎదురుచూసేవాళ్ళు.

నా గదిలో కోయిలకుంట్ల అబ్బాయి ఉండేవాడు. వాడు మొదటి వారంలోనే ‘ఉన్నానండీ’ నేర్చుకున్నాడు. “ఏందప్పా నీ గోల? ఆడ ‘ఉన్నాను’ అనుకో, బయటికొచ్చి ‘ఉండా’ అనుకో. నాలిక ఏమన్నా తరుగు పోతాదా?” అన్నాడు.

“వాళ్ళు నవ్వుతాండారు,” అన్నాను.

“నవ్వనీ. నిన్న మెస్సులో ‘వడ్డించండీ’ అన్న్యా. వంటాయన ఇంగో గరిటె నెయ్యేసినాడు. నువ్వు ‘ఎయ్యి’ అన్న్యావు, నీ అన్నం ఎండుకోనుండాది.”

వాడు బాగానే చదివాడు, బాగానే పాసయ్యాడు. మా ఇద్దరి తెలివిలో తేడా ఏమీ లేదు.

ఆ క్లాసులో హాజరు అయిపోయాక గంటసేపు ఏం పాఠం చెప్పారో నాకు ఎక్కేది కాదు. పుస్తకంలో పద్యం కనపడేది, అంతే. నవ్వినవాళ్ళ వీపులు చూస్తూ కూర్చునేవాణ్ణి. కోపం మొదట్లో ఉండేది. తరువాత అదీ లేదు. పేరు పిలిచేవారు, నిలబడేవాణ్ణి, ఆ మాట అనేవాణ్ణి, కూర్చునేవాణ్ణి.

రెండో ఏడు ఆఖరున, హాజరు చాలక పరీక్షకు పంపడం లేదన్నవాళ్ళ పేర్లు బోర్డు మీద అంటించారు. అందులో నా పేరు ఉంది. తెలుగులో హాజరు తక్కువ. మిగతా అన్నిటిలో నిండుగా ఉంది. పరీక్షకు కూర్చోనివ్వకపోతే చదివిన ఏడాదికే మళ్ళీ జీతం కట్టే శక్తి మా నాయనకు లేదు. చదువు అక్కడితో సరి.

పండితుడి దగ్గరికి పోయాను. “రోజూ మీ ఎదురుగానే కూర్చున్నాను గదండీ,” అన్నాను.

“కూర్చున్నావు. నోటితో మాత్రం ఉండనన్నావు. నేను నోటిమాటే రాసుకున్నాను,” అని నవ్వుతూ పట్టీ తీశారు. తీసి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ నవ్వు మానేశారు. నా వరుసలో సున్నా తరువాత సున్నా. “ఇన్నయ్యాయా?” అన్నారు. ఆయనకు నిజంగానే తెలియదు. తమాషాకు ఒకటి చుట్టారు, అలవాటై చుడుతూ పోయారు. పగతో చేసివుంటే నేను పోట్లాడేవాణ్ణి. తెలియక చేసిన మనిషితో ఏం పోట్లాడాలి?

“పట్టీ దిద్దితే నా ఉద్యోగం పోతుంది. మీ నాన్నగారి చేత జ్వరం వచ్చిందని ఉత్తరం రాయించుకురా. నేను సిఫారసు చేస్తాను. ప్రిన్సిపాలుగారు మన్నిస్తారు. అందరూ చేసే పనే,” అన్నారు.

నేను ఆళ్ళగడ్డకు పోయాను. నంద్యాల నుంచి బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వస్తే దిగి తొయ్యాలి. దిగి తోశాను. మా నాయన బడి విడిచాక అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

“జొరమని రాస్తే ఏమిరా?”

“జొరం రాలేదు గద నాయనా. నేను ఆడ లేనని నేనే ఎట్ల ఒప్పుకునేది?”

“మరేమని రాయాల?”

“పిలిచిన ప్రతిసారీ పలికినాడని రాయి.”

“అట్ల రాస్తే ఆ అయ్యవారిది తప్పని రాసినట్లయితాది. నేనూ అయ్యవారినే. నా పట్టీ తప్పని ఎవుడన్నా రాస్తే నేనొప్పుకుంటానా? ఒక్క మాట, ఉన్నానంటే నీ నోరు పోతాండ్య?”

ఆ మాట ఆయన అన్నాడు. బడిలో పిల్లలు ‘ఉండా’ అంటే రోజూ టిక్కు పెట్టే మనిషి.

మరునాడు ఇద్దరం నంద్యాల వచ్చాం. సలహా కోసం నా పాత హెడ్మాస్టరు ఇంటికి పోయాం. సంగతి విని ఆయన, “నువ్వా? తెలుగులోనా?” అని రెండుసార్లు అడిగాడు. తరువాత కాగితం, కలం తెచ్చి మా నాయన ముందు పెట్టాడు. మా నాయన వసారాలో కూర్చుని చాలాసేపు రాశాడు. హెడ్మాస్టరు చదివి, “అక్షరం ముత్యమప్పా,” అన్నాడు. మా నాయన మడిచి నా చేతికిచ్చి, “దావలో చదవాకు,” అన్నాడు.

బండి కదలగానే చదివాను. జ్వరం లేదు. పిలిచిన ప్రతిసారీ పలికానన్నదీ లేదు. ‘మా కుమారునికి మాట సరిగా పలుకుట చాతకాదు. హాజరై యుండియు హాజరైనట్లు చెప్పుకొనలేకపోయినాడు. పెద్దలు క్షమింపవలెను’ అని ఉంది.

చింపివేయాలని ఉన్నా చింపలేదు. తీసుకుపోయి పండితుడికి ఇచ్చాను. ఆయన నా ఎదురుగా తెరవలేదు. రెండు రోజులకు ఆఫీసులో గుమాస్తా పిలిచి పరీక్షకు అనుమతి వచ్చిందని చెప్పాడు. సంతకం పెట్టించుకోవడానికి కాగితాలు నా వైపు తిప్పాడు. పైన ఉన్నది మా నాయన ఉత్తరం. కింద పండితుడి సిఫారసు, మంచి మాటలే. ఉత్తరంలో ‘చాతకాదు’ అన్నచోట ఎర్రసిరాతో కొట్టివేసి, పైన ‘చేతకాదు’ అని దిద్ది ఉంది.

తమాషాకు చేసివుండరు. అలవాటు. పట్టీ దిద్దగూడదన్నారు గాని ఉత్తరం దిద్దారు. నేను సంతకం పెట్టాను.

పరీక్షలు రాశాను. పాసయ్యాను. తెలుగులో గట్టెక్కాను, అంతే. స్కూలుకంతా మొదట వచ్చినవాడికి ఈ మార్కులేమిటని తరువాత చాలామంది అడిగారు. శ్రద్ధ తగ్గిందని వాళ్ళే చెప్పుకున్నారు.

ఫలితం తెలిసిన రోజు మా నాయన ఆళ్ళగడ్డలో ఇంటి ముందు మంచం వాల్చుకుని కూర్చున్నాడు. మార్కులు విని తల ఊపాడు. మెల్లగా, “ఆ కాగితం చూసి ఆ పండితుడు ఏమన్నా అన్న్యాడా?” అన్నాడు.

“ఏమనలేదు.”

“తప్పులేమన్నా పట్టినాడా?”

“లేదు.”

ఆయన ముఖంలో తృప్తి కనపడింది. బీయేకు దరఖాస్తు పంపాలి గదా, కాగితం, కలం తెమ్మన్నాడు.

నేనే రాసుకుంటానని చెప్పాను.