అత్తగారు వద్దన్న గ్రహం

చీకటిగది అని అత్తగారు పెట్టిన పేరే వీధంతా ఆ ఇంటి అల్లుడికి స్థిరపడిపోయింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. నక్షత్రాల పరిశోధనశాలలో పగలంతా కిటికీలు మూసుకుని తెర ముందు కూర్చోవడమే ఆయన ఉద్యోగం. మనకు దగ్గర్లో ఉన్న చిన్న ఎర్ర నక్షత్రాల వెలుగు ఆ తెర మీద గీతలా సాగుతుంది. ఏదైనా గ్రహం అడ్డొస్తే గీత కాస్త కుంగుతుంది. ఆ కుంగు కోసం ఆయన, పొయ్యి మీద పాలకు కాపలా కాసే ఇల్లాలిలా, ఏళ్ళ తరబడి చూస్తున్నాడు.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. కుంగు మూడుసార్లు కనబడేదాకా బయట నోరు విప్పకూడదు. ఆయన రెండోసారికే గ్రహం దొరికిందని ఇంట్లో చెప్పేశాడు. మరీ వేడీ కాదు, మరీ చలీ కాదు, నీళ్ళు నిలవగల చోటని కూడా అన్నాడు.

నీళ్ళనే మాట చెవిన పడగానే, రోజూ వీధి కుళాయి దగ్గర బిందెతో పడిగాపులు కాసే అత్తగారి మనసు కరిగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన మొదటిసారి "అల్లుడుగారు" అయ్యాడు. మంచం దగ్గరికి కాఫీ నడిచొచ్చింది.

ఆ గ్రహానికి ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే ఉండొచ్చని తెలిసి ఆవిడ పంపకాలు మొదలుపెట్టింది. బట్టలారేసుకోవడానికి పగటి పక్క తనకు, గురకపెట్టే మామగారికి రాత్రి పక్క. అక్కడ పదిరోజులకే ఏడాది తిరుగుతుందని విన్న ఎదురింటి దర్జీ, అందరి పుట్టినరోజు బట్టలూ తానెక్కడ కుట్టి చావాలని బెంగపెట్టుకున్నాడు. మామగారు ఆ లెక్కన తన వయసు కట్టుకుని మంచమెక్కాడు.

ఇక ఆయన భయమల్లా ఒక్కటే. మూడో కుంగు రాకపోతే ఆ "గారు" ఊడిపోతుంది.

దేవుడికి దండం పెట్టుకుని కూర్చున్నాడు. కుంగు వచ్చింది. వచ్చింది గానీ, ముందటి వాటిలా సన్నగా కాదు, పాత పరుపులా పరుచుకుని వచ్చింది. పరిశోధనశాల పెద్ద మేడం ఆయన పక్కకు కుర్చీ లాక్కుని, మిగతావాళ్ళకు వినబడకుండా, అది గ్రహం కాదనీ నక్షత్రం ఒంటి మీది మచ్చ తిరిగి తిరిగి మనవైపు వస్తోందనీ చెప్పింది. మేడం కనిపెట్టాననుకున్న తొలి గ్రహం కూడా మచ్చేనట. తన టీ కప్పు ఆయన ముందుకు జరిపి వెళ్ళిపోయింది, మహాతల్లి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"అక్కడేమీ లేదండీ, అత్తయ్యగారూ. నక్షత్రానికి మచ్చ, అంతే. పైగా అది మంటలు చిమ్మే రకం. నేనే తొందరపడ్డాను."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని తిన్నగా వీధిలోకి నడిచింది. అయిపోయిందనుకున్నాడాయన. ప్రయాణమెప్పుడని దర్జీ అడగడం కిటికీలోంచి వినబడింది.

"మేం వెళ్ళట్లేదు," అంది అత్తగారు. "ఆ నక్షత్రానికి కోపమెక్కువ. ఊరికే నిప్పులు కక్కుతుందట. అల్లుడుగారు మొహమాటపడుతుంటే నేనే వద్దనేశాను. పిల్లలున్న ఇల్లు కదా."

అందులో సగం అబద్ధమే. ఇలాంటివి దేవుడు వినీ విననట్టు ఊరుకుంటాడని ఆవిడ నమ్మకం.

ఆవిడ లోపలికొచ్చి, మిగిలిన ఉల్లిపాయలూ కత్తీ ఆయన ముందు పెట్టింది.

"ఈసారి కాస్త శాంతంగా ఉండేదాన్ని చూడండి, అల్లుడుగారూ."

ఆయన ఉల్లిపాయలు తరగసాగాడు. కళ్ళు తుడుచుకోవడానికి మంచి సాకే దొరికింది.