రెండో పేరు

ఆ సర్క్యులర్ వచ్చిన రోజున బయోకెమిస్ట్రీ శాఖలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. విశ్వవిద్యాలయంలో సర్క్యులర్లకు కొదవేముంది! వాటర్ ట్యాంకు కడుగుతున్నామని ఒకటి, పార్కింగ్ మార్చామని ఒకటి, రోజూ వస్తూనే ఉంటాయి. సంతోషకుమారి మాత్రం అన్నీ చదువుతుంది. ఆవిడకు కబురు పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి సర్క్యులర్లయినా చదువుకుంటుందని వెనకాల ఎవరో నవ్వారట. అందులో అబద్ధం లేదు, అదే బాధ.

విషయమేమిటంటే, ఆ ఏడాది నుంచి విశ్వవిద్యాలయం తన సొంత నిధిలోంచి అధ్యాపకుల పరిశోధనలకు డబ్బిస్తుందట. పెద్ద మొత్తమేమీ కాదు. పెద్ద పరిశోధనకు ముందు తొలి ఆధారాలు పోగుచేసుకోవడానికి ఇచ్చేది. ఆ మాట చదివి సంతోషకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. పరిశోధనలకు డబ్బిచ్చే ఢిల్లీ వాళ్ళు ఆమె దరఖాస్తును రెండుసార్లు తిప్పికొట్టింది ఈ తొలి ఆధారాల దగ్గరే. అవి ఉంటేనే డబ్బిస్తారు, డబ్బుంటేనే అవి వస్తాయి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది ఆ వ్యవహారం. ఇన్నాళ్ళకు ఆ ముడి విప్పే దారి ఇంటి గుమ్మంలోకే వచ్చింది.

కిందికి చదివింది. దరఖాస్తు పెట్టేవాళ్ళకు సర్వీసు ఇంకా మూడేళ్ళయినా మిగిలి ఉండాలి. అంటే ఆమెకు ఈ ఏడే ఆఖరు. ఇంకా కిందికి చదివింది. రెండు వేర్వేరు శాఖల నుంచి ఇద్దరు అధ్యాపకులు కలిసి పెట్టాలి, ఒక్కరే పెడితే తీసుకోరు. అక్కడ ఆమె మళ్ళీ కుర్చీలో కూలబడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రాంగణంలో ఉంటోంది ఆమె. ప్రతి చెట్టూ తెలుసు, ప్రతి వాచ్‌మనూ నమస్కారం పెడతాడు. కానీ వేరే శాఖలోకి వెళ్ళి, తలుపు తోసుకుని, "నాతో కలవండి" అని అనదగ్గ మనిషి ఒక్కరంటే ఒక్కరు గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం అన్నం ల్యాబులోనే తింటుంది. సాయంత్రం బస్సెక్కి కొరిటెపాడులో ఇంటికి వెళ్తుంది, తాళం తీసుకుని లోపలికి పోతుంది. ఆదివారం చర్చికి వెళ్తుంది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని పంతమేమీ లేదు, చదువు చదువు అంటూ ఉండగా ఆ వయసు దాటిపోయింది, అంతే. పొగరున్న మనిషి అనుకుంటారు చూసినవాళ్ళు. పొగరూ లేదు, పాడూ లేదు, నోట్లో నాలుక లేని మనిషి.

ఆమె చేయాలనుకున్న పరిశోధన మిరప తొడిమల గురించి. నిజానికి తొడిమలు తీసే ఆడవాళ్ళ గురించి. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల పక్కన రేకుల షెడ్లు ఉంటాయి. ఎండుమిరపకాయలు కుప్ప పోసి, ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్క కాయకూ తొడిమ తుంచుతూ కూర్చుంటారు. ఆ ఘాటు మనమైతే నిమిషం ఓర్చుకోలేం. వాళ్ళు ముక్కుకు కొంగు చుట్టుకుని ఏళ్ళకేళ్ళు పీలుస్తారు. సంతోషకుమారి తల్లి ఎలీసమ్మ ఆ కూలితోనే కూతుర్ని పీహెచ్‌డీ దాకా చదివించింది. దగ్గుతూ దగ్గుతూనే పోయింది. టీబీ కాదన్నారు, ఆస్తమా కాదన్నారు, ఏదో తేల్చలేదు. ఆ దుమ్ము రొమ్ములోకి పోయి ఏం చేస్తోందో తేల్చకుండా తాను రిటైరైతే ఈ చదువంతా ఎందుకని సంతోషకుమారికి. ఎవరితోనూ అనలేదుగానీ, ఆమెకు బతుకులో మిగిలిన పని అదొక్కటే.

ఆ షెడ్డులో తల్లికి ఎదురు కూర్చుని తొడిమలు తీసిన రెబ్కా ఇంకా అక్కడే పనిచేస్తోంది. సంతోషకుమారి నెలకోసారి వెళ్ళి కనబడుతుంది. ఊపిరి బలం కొలిచే మిషన్ తెస్తానని, అందరిచేతా ఊదిస్తానని ఎప్పుడో చెప్పింది. వెళ్ళినప్పుడల్లా రెబ్కా ఒకటే అడుగుతుంది.

"ఆ ఊదే మిషను ఎప్పుడు తెస్తావే సంతోషం? మేం పోయాక తెస్తావా?"

నవ్వుతూనే అడుగుతుంది. అడిగి దగ్గుతుంది.

అయితే ఎవర్ని అడగాలి? ఒక్క మనిషి ఉన్నాడు. స్టాటిస్టిక్స్ శాఖలో మీరావలి గారు. కనిగిరి నుంచి వచ్చినాయన, భార్య పోయి చాలా ఏళ్ళయింది. క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని తింటాడు. ఎదుటి కుర్చీ ఎప్పుడూ ఖాళీ. ఆయనతో సంతోషకుమారికి ఉన్న పరిచయమంతా ఒక్క పూటది. రెండేళ్ళ కిందట స్టాఫంతా వాడరేవుకు పిక్నిక్ వెళ్ళారు. అందరూ గుంపులు గుంపులుగా సముద్రంలోకి దిగిపోతే, ఏ గుంపులోనూ లేనివాళ్ళు ఇద్దరు మిగిలారు. చేపలు ఎండబెట్టిన చోట ఒడ్డున నిలబడి ఆయనే పలకరించాడు, మీరు దేనిమీద పనిచేస్తారు మేడం అని. ఆమె షెడ్ల సంగతి చెప్పింది. ఊరికే తలూపి ఊరుకునే మనిషి కాదాయన. అక్కడ ఎంతమంది ఉంటారు, కొత్తవాళ్ళెందరు, పాతవాళ్ళెందరు, పోల్చి చూడ్డానికి ఆ పని చెయ్యని ఆడవాళ్ళను కూడా కొలవాలి కదా అని వరసగా అడిగాడు. బస్సు డ్రైవర్ హారన్ కొట్టేదాకా మాట్లాడుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా సంతోషకుమారికి ఆ మాటలే చెవుల్లో ఉన్నాయి. తన పని గురించి తనను అన్ని ప్రశ్నలడిగిన మనిషి అంతవరకు లేడు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. ఎదురుపడితే నమస్కారమండీ అంటే నమస్కారం.

ఆయన్నే అడగాలని నిశ్చయించుకుంది. నిశ్చయించుకుని వారం ఊరుకుంది. ఈలోపు శాఖలో కొత్తగా చేరిన బిందుమాధవి మాటల్లో మాటగా, లెక్కలవాళ్ళకు ఇప్పుడు భలే గిరాకీ మేడం, స్టాటిస్టిక్స్ వాళ్ళనందరినీ ఎప్పుడో బుక్ చేసేసుకున్నారు అంది. ఒక్కొక్కరి పేరు ఒక్క దరఖాస్తులోనే ఉండాలన్న నియమం కూడా ఉందాయె. బిందుమాధవిది ఏ దురుద్దేశమూ కాదు, విన్నది చెప్పింది. సంతోషకుమారి దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. భయపడేవాళ్ళకు వంక కావాలి, దొరికింది.

అయినా ఒకరోజు మధ్యాహ్నం ధైర్యం చేసి స్టాటిస్టిక్స్ శాఖకు వెళ్ళింది. మీరావలి గారి గది తలుపు సగం తీసి ఉంది. లోపల కామర్స్ వాళ్ళు నలుగురు కూర్చుని నవ్వుతున్నారు, బల్ల మీద టీ కప్పులు, కాగితాలు. అయిపోయింది, ఈయన్ని వాళ్ళు కలుపుకున్నారు అనుకుంది. మీరావలి గారు తలెత్తి చూశాడు కూడా. ఆమె ఎవరినో వెతుకుతున్న దానిలా అటూ ఇటూ చూసి వెనక్కి తిరిగింది. పిలవని పేరంటానికి వెళ్ళకూడదని చిన్నప్పుడెప్పుడో విన్నమాట. పుట్టి పెరిగిన ఊళ్ళో ఎలీసమ్మ కూతుర్ని ఏ పేరంటానికీ పిలిచినవాళ్ళు లేరు. అందుకే కాబోలు, ఆ మాట మిగతావాళ్ళకంటే ఆమెకే గట్టిగా అతుక్కుంది. అడగందే అమ్మయినా పెట్టదని ఇంకో మాట కూడా ఉంది మన జనానికి. అది ఆ సమయానికి గుర్తు రావద్దూ?

తర్వాత సోషల్ వర్క్ శాఖలో ఒకాయనకు ఫోన్ చేసింది. ఆయన పాపం మర్యాదగానే, ఇప్పటికే ఇంకొకరికి మాటిచ్చానండీ అన్నాడు. ఆ ఒక్క ఫోన్‌తోనే ఆమెకు అందరూ కాదన్నట్టయింది.

గడువు శుక్రవారం సాయంత్రంతో ముగుస్తుంది. దరఖాస్తు మొత్తం కంప్యూటర్లో నింపింది. షెడ్లు, దుమ్ము, మిషన్, ఖర్చు, అన్నీ రాసింది. చక్కగా రాసింది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. రెండో పేరు దగ్గర గడి ఖాళీ. అది నింపకుండా పంపబోతే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ నొక్కింది, మళ్ళీ వచ్చాయి. కారిడార్లో అటెండరు కిటికీలు మూస్తున్నాడు. గడువు దాటాక ఆ పేజీయే తెరుచుకోలేదు. ఇంటికెళ్ళి అన్నం వండుకోలేదు, ఆ రాత్రి బాగా ఏడ్చింది. ఏడుపు వినేవాళ్ళు లేరుగనుక గట్టిగానే ఏడ్చింది.

కొన్నాళ్ళకు ఫలితాలు నోటీసు బోర్డులో అంటించారు. సంతోషకుమారి అటువైపు వెళ్ళలేదు. సాయంత్రం గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే మీరావలి గారు వచ్చి కాస్త ఎడంగా ఆగాడు. కాసేపు రోడ్డు వంక చూసి, అప్పుడు అడిగాడు.

"నోటీసులో మీ పేరు కనబడలేదు మేడం. మీ మిరప షెడ్ల ప్రాజెక్టు ఇవ్వలేదా?"

"నేను పెట్టలేదండి."

"అదేంటండి?"

"రెండో మనిషి దొరకలేదు సార్."

ఆయన చేతిలో సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"నేను ఎవరి దాంట్లోనూ లేనండి," అన్నాడు. "మీరు అడుగుతారేమోనని చూశాను. వాడరేవు నుంచి వచ్చాక ఎంతమందిని కొలిస్తే సరిపోతుందో లెక్క కూడా వేసుకున్నాను. ఆరోజు తలుపు దాకా వచ్చారు కదా, దానికే వచ్చారనుకున్నా. వెళ్ళిపోయారు."

"కామర్స్ వాళ్ళు ఉన్నారు కదండి."

"వాళ్ళు రిటైరయ్యే ఆయనకు సన్మానం సంగతి మాట్లాడ్డానికి వచ్చారండి."

"మీరన్నా ఒక్క మాట అడగాల్సింది సార్."

"అడగనిదే నేనొచ్చి, నన్ను కలుపుకోండి అంటే బాగుండదేమోనని."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. ఆయనది వేరే బస్సు. కిటికీ పక్కన కూర్చున్న సంతోషకుమారికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. నియమం పెట్టినవాళ్ళ మీదా? బిందుమాధవి మీదా? ఆ పెద్దమనిషి మీదా? చివరికి తన మీదే వచ్చింది, ఒళ్ళు మండేంత వచ్చింది. ఇద్దరు మనుషులు చెరొక గుమ్మంలో నిలబడి, అవతలివాళ్ళు పిలవలేదని ఎదురుచూసి ఎదురుచూసి పొద్దు గుంకించారు. చదువుకున్నవాళ్ళట! పాతిక వేల నమస్కారాలు పెట్టుకోగలరుగానీ ఒక్క మాట అడగలేరు.

ఆ రాత్రి ఆమెకు అమ్మ గుర్తొచ్చింది, అమ్మకంటే ఎక్కువగా ఆ షెడ్డు గుర్తొచ్చింది. సెలవుల్లో తనూ వెళ్ళి కూర్చునేది. అక్కడొక పద్ధతి ఉంది. ఒక్కో కుప్పకు అటొకరు, ఇటొకరు కూర్చుంటారు. పొద్దున్న వచ్చిన మనిషి షెడ్డంతా ఒకసారి చూస్తుంది. ఏ కుప్ప దగ్గర ఒక్కతే ఉంటే అక్కడికి పోయి ఎదురుగా చతికిలబడుతుంది. ఏ కులం, ఏ ఊరు, కూర్చోనా అక్కా, ఇవేవీ ఉండవు. ముందున్న మనిషి మాట్లాడకుండా తన ముందున్న కాయల్లో సగం ఇటు తోస్తుంది. అంతే, ఆ రోజుకు వాళ్ళిద్దరూ జోడు. రెబ్కా అలా వచ్చి కూర్చున్న మనిషే. ఆమె ఒక రోజుకని వచ్చి అమ్మ పోయేదాకా ఎదురుగానే ఉండిపోయింది. తను ఆ షెడ్డులోనే పెరిగి, దాన్నే మర్చిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సంతోషకుమారి టిఫిన్ డబ్బా ల్యాబులో తెరవలేదు. చేత్తో పట్టుకుని క్యాంటీన్‌కు నడిచింది. లోపల అందరూ గుంపులుగా ఉన్నారు, ఒకరిద్దరు తలతిప్పి చూశారు కూడా. అయినా ఆమె ఆగలేదు. కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి, కూర్చోవచ్చా అని అడక్కుండా, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

మీరావలి గారు ముద్ద చేతిలో పట్టుకుని ఆమె వంక చూశాడు. తర్వాత తన ముందున్న గోంగూర పచ్చడి గిన్నె బల్ల మధ్యకు, అక్కడి నుంచి ఇంకాస్త ఆమె వైపుకు జరిపాడు.

 సగం తిన్నాక సంతోషకుమారి అంది, "ఆదివారం షెడ్డుకు వెళ్ళాలండి. ఇక మిషను రాదని రెబ్కాకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"మీరు పిలవలేదుగానీ మేడం, నేనూ వస్తానండి."