చెప్పుల డబ్బా మూతతో అనలాగ్ కంప్యూటర్

ఎనభైల్లో గోదావరిఖనిలో నేను పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రానికి ఒక అనలాగ్ కంప్యూటర్ వచ్చింది. దానికి తెర లేదు, టైపు చేసే మీటలు లేవు. ముందు పలక నిండా రంధ్రాలు, తిప్పే నాబ్‌లు, జవాబు చూపే ఒక ముల్లు. గనిలో బొగ్గు టబ్బులను, అంటే చిన్న ఇనుప బండ్లను, లాగే తాడు ఎంత ఊగి ఆగుతుందో తెలియాలంటే, రంధ్రాల మధ్య వైర్లు కలిపి నాబ్‌లు తిప్పాలి. ఒక్క వైరు తప్పినా ముల్లు ఒక మూలకు పోయి అలిగి కూర్చునేది.

పెద్ద అధికారి దాన్ని చూడటానికి వస్తున్న రోజు పొద్దున్నే, కోస్తా నుంచి వచ్చిన మా ప్రిన్సిపాల్ గారు మేం పెట్టిన వైర్లన్నీ పీకి చుట్టలు చుట్టారు.

"చిక్కులన్నీ విప్పేశానయ్యా, ఇప్పుడు చూడు ఎంత శుభ్రంగా ఉందో. ఆయన వచ్చాక నేనే పెట్టి చూపిస్తా," అన్నారు నాతో.

నాతోటి ఇన్‌స్ట్రక్టర్ నెత్తి పట్టుకున్నాడు. "ఇప్పుడెట్లనే? ఈయన వెతికి వెతికి మల్ల పెట్టేటాలకు పెద్దసారు వచ్చి పోతడు."

నా కొత్త చెప్పుల డబ్బా మూత చించి పలక మీద పెట్టాం. కావాల్సిన రంధ్రాల దగ్గరే బొక్కలు పొడిచి, కలపాల్సిన జతలకు ఒకే రంగు పూశాం. నాబ్ ఆగాల్సిన చోట గీత గీశాం.

"సార్, ఎర్రదాన్ని ఎర్రదాంతోని, పచ్చదాన్ని పచ్చదాంతోని కలుపున్రి. గంతే," అన్నాడు మావాడు.

అధికారి ముందు ప్రిన్సిపాల్ గారే వైర్లు పెట్టారు. ముల్లు లేచి, ఊగి, బుద్ధిగా ఆగింది. ఈ పద్ధతి ఎవరిదని అధికారి అడిగారు.

"మాదే సార్," అన్నారాయన, మమ్మల్ని చూడకుండా.

తర్వాత ప్రతి లెక్కకూ ఒక అట్ట చేశాం. ఆ కంప్యూటర్ క్లాసు ప్రిన్సిపాల్ గారే చెప్పేవారు. మేమిద్దరం హాయిగా క్యాంటీన్లో చాయ్ తాగేవాళ్లం.